పదకొండు పొరలు

"ఆ సెట్టు ఇలా ఇచ్చెయ్ నాన్నా."

"ఉండమ్మా, పది నిమిషాలు. ఈసారి కదలకుండా కూర్చుంటుంది."

"ఇచ్చెయ్ అంటున్నానా!"

సెట్ల మేస్త్రి చేతిలో గులాబీరంగు ముద్ద ఇంకా మెత్తగానే ఉంది. భార్య పై కట్టుడుపళ్ళ సెట్టును పళ్ళు కిందికి వచ్చేలా పట్టుకుని, దాని లోపలివైపు ఇంకో పొర పరవబోతున్నాడు. కూతురు వెనకనుంచి వచ్చి సెట్టు లాక్కుంది. ముద్ద జారి నేల మీద పడింది. తెల్లవారి ఏడైనా కాలేదు, అప్పుడే ఇంట్లో గొడవ మొదలైంది.

"నిన్న స్కాను చూసి డాక్టరమ్మ చెప్పింది నీ చెవికెక్కిందా లేదా? ఇంక ఒక్క పొర కూడా వెయ్యొద్దంది."

"మరి మీ అమ్మ ఏం పెట్టుకుని తింటుంది? మూడు రోజులైంది. పాలూ పళ్ళరసం తప్ప లోపలికేం పోలేదు."

"నువ్వు పెట్టినదానివల్లే కదా తినలేకపోతోంది!"

మాట కాస్త ఎక్కువైందని కూతురికీ తెలిసినట్టుంది. కానీ వెనక్కి తీసుకోలేదు. ఆ మొండితనం ఎవరి పోలికో మేస్త్రికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇంటి ముందుగదే అతని పనిగది. గోడ పొడవునా అరల నిండా సుద్ద అచ్చులు, బల్ల మీద సానపట్టే చక్రం, మెడ వంచిన దీపం. ఊళ్ళో సగం మంది నవ్వులు ఆ బల్ల మీద తయారైనవే. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపితే, దాని మీద పళ్ళు అమర్చి సెట్టు చేసి తిరిగి పంపడం అతని పని. నోరు చూసేది డాక్టరు, మేస్త్రి చూసేది అచ్చు. ఈ తేడా అతనికి ముప్పయ్యేళ్ళుగా తెలుసు. పెళ్ళాం దగ్గరికి వచ్చేసరికి మాత్రం హాయిగా మరిచిపోయాడు.

కూతురు సెట్టును కిటికీ వెలుతురులో పెట్టింది.

"ఇదేంటో చూడు. నువ్వే లెక్కపెట్టు."

లెక్కపెట్టే పని లేదు. అంచు పొడవునా లేత గులాబీ, ముదురు గులాబీ, ఇప్పుడు దొరకని పాతరకం రంగు, ఒకదాని మీద ఒకటి పదకొండు పొరలు. ప్రతి పొరా అతనికి గుర్తే. "సెట్టు మళ్ళీ వదులైందండీ" అని ఆమె అనడం, "ఇటివ్వు, అదెంత పని" అని తను అనడం, పది నిమిషాల్లో లోపల ఓ పూత వేసి ఇవ్వడం. ఆమె నోట్లో పెట్టుకుని, పళ్ళు కరిచి చూసుకుని, "రాయిలా కూర్చుందండీ" అనేది. ఆ ఒక్క మాటకి మేస్త్రి ఆ రోజంతా ఈల వేసుకుంటూ పని చేసుకునేవాడు.

సెట్టు వదులవడంలో సెట్టు తప్పేం లేదు. ఆమె కిందిపళ్ళు సొంతవి, గట్టివి. అవి కిందినుంచి పొడుస్తుంటే, ఊగే సెట్టు ఒత్తిడికి పైదవడ ఎముక కరిగిపోతూ వచ్చింది. ఎముక ఎంత తగ్గిందో సెట్టు అంత లావెక్కింది. పద్దెనిమిదేళ్ళుగా భార్య దవడను తన చేత్తోనే కొంచెం కొంచెంగా ప్లాస్టిక్కు చేసేశానని మేస్త్రికి నిన్న తెలిసింది. అప్పటినుంచి అతని మనసు మనసులో లేదు.

"మా కళ్ళజోళ్ళ షాపులో డాక్టరు చీటీ లేకుండా ఒక్క అద్దం కూడా బిగించం నాన్నా," అంది కూతురు. "నువ్వు ఏ చీటీ చూసి అమ్మ నోట్లో ఇవన్నీ వేశావ్?"

"నాకు తెలీదమ్మా, ఇలా అవుతుందని."

"నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

మేస్త్రి వంగి నేల మీద పడిన ముద్ద తీశాడు.

గుమ్మంలో అలికిడైంది. భార్య చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. రెండో చేత్తో ఓ కాగితం ముక్క చాపింది. పాత బస్సుల టైంటేబుల్ చింపి, వెనకవైపు రాసిన చీటీ. మూడు రోజులుగా ఆమె మాటలన్నీ ఆ చీటీల మీదే.

*అరుచుకోకండి. పక్కింటికి వినపడుతోంది. పదకొండింటికి డాక్టరు.*

కూతురు సెట్టు తెచ్చి బల్ల మీద పెట్టేసింది.

ఊరంతా ఆమెను మైకమ్మ అంటారు. బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు బయల్దేరుతుందో ఇరవై రెండేళ్ళుగా చెప్పే గొంతు ఆమెది. మూడు రోజుల కిందట, మధ్యాహ్నం రద్దీలో, ప్రకటన సగంలో ఉండగా సెట్టు ఊడి మైకు పక్కన బల్ల మీద పడింది. మైకు ఇంకా ఆపలేదు. టక్కుమన్న ఆ చప్పుడు అన్ని ప్లాట్‌ఫారాల్లోనూ వినిపించింది. ఆ వెనక ఆమె అన్న రెండు ముక్కలు కూడా వినిపించాయి, పళ్ళు లేని నోటి ముక్కలు. ఎవరో నవ్వారు. నవ్వు అంటుకుంది. ఆమె సెట్టు సంచీలో వేసుకుని, నడిచి ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత మొగుడితో కూడా నోరు విప్పలేదు.

బస్టాండు మేనేజరు మర్యాదస్తుడే. రికార్డు గొంతుతో పలికే యంత్రం వచ్చి రెండు నెలలైనా, మైకమ్మ ఉండగా ఎందుకని పెట్టె విప్పనివ్వలేదు. ఇప్పుడు ఫోన్ చేసి, "ఒకటో తారీఖు దాకా ఆపగలనమ్మా, ఆపైన నా చేతిలో లేదు," అన్నాడు. ఒకటో తారీఖు ఇంకా పందొమ్మిది రోజులుంది.

*

డాక్టరమ్మ పళ్ళాస్పత్రికి మేస్త్రి ఇరవయ్యేళ్ళుగా వెళ్తున్నాడు, వెనకగుమ్మం నుంచి, చంకలో అట్టపెట్టెతో. ముందుగదిలో రోగుల కుర్చీలో కూర్చోవడం నిన్నటి నుంచే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డాక్టరమ్మ స్కాను తెర మీద పెట్టింది. ఆవిడకు మేస్త్రి పని అంటే గౌరవం. అందుకని అతని వైపు చూడకుండా మైకమ్మతోనే మాట్లాడింది.

"గోడకు మేకు కొట్టాలంటే ముందు గోడ ఉండాలి కదమ్మా. ఇంప్లాంటు కూడా మేకులాంటిదే, ఎముకలోకి దిగాలి. మీకు పైదవడ ముందువైపు గోరంత మందం మిగిలింది. వెనకాల అదీ లేదు. ఆ పైనంతా సైనస్, ఖాళీ గాలి గది."

"మరి దారే లేదా?" అంది కూతురు.

"ఉన్నాయి. ఒకటి, తుంటి దగ్గర ఎముక ముక్క తీసి ఇక్కడ అతికించడం, సైనస్ అడుగుభాగాన్ని పైకి లేపి అక్కడా ఎముక నింపడం. అది అతుక్కోవడానికి ఏడెనిమిది నెలలు. ఆ తర్వాత ఇంప్లాంట్లు, వాటికి ఇంకో నాలుగు నెలలు."

మైకమ్మ చీటీ రాసింది. *అంతవరకు నోట్లో?*

"మొదట్లో ఏమీ పెట్టకూడదు. తర్వాతయినా, తినడానికీ మాట్లాడడానికీ పనికొచ్చేది పెట్టలేను."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇంకోటి, ఎముక లోపలికి దిగకుండా దాని మీద జీనులా కూర్చునే లోహపు చట్రం. స్కానును బట్టి మనిషి మనిషికీ విడిగా చేస్తారు. దాని మీద పళ్ళు బిగిస్తారు."

మేస్త్రి ఒక్కసారిగా ముందుకు వంగాడు. "ఆ చట్రం నేను చేస్తానమ్మా. కొలతలివ్వండి చాలు. ఎంత సన్నగా కావాలంటే అంత..."

"అది మీ బల్ల మీద అయ్యే పని కాదు మేస్త్రిగారూ," అంది డాక్టరమ్మ మెల్లిగా. "పైగా దాని మీద చిగుళ్ళు విడిపోతే ఇబ్బంది. నేనైతే చెప్పను."

మేస్త్రి మళ్ళీ కుర్చీలో వెనక్కి ఒదిగాడు. కూతురు అతని వైపు చూసిన చూపులో కోపం లేదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

"మూడోది చెంప ఎముక," అంటూ డాక్టరమ్మ తన కంటి కింద వేలు పెట్టి చూపించింది. "ఇది ఎవరికీ అంత తొందరగా కరగదు. పొడుగాటి ఇంప్లాంట్లు ఇక్కడిదాకా దింపుతారు, అటు రెండు, ఇటు రెండు. పెద్దాస్పత్రిలో, మత్తిచ్చి చేస్తారు. చిన్న ఆపరేషనేం కాదు. సైనస్ ఇబ్బంది పెట్టొచ్చు, వాపులుంటాయి. కానీ అంతా సవ్యంగా ఉంటే వారం లోపలే పళ్ళు బిగిస్తారు. మీకు ఇదే నప్పుతుందని నాకనిపిస్తోంది."

మైకమ్మ ఇంకో చీటీ రాసింది. *మైకులో చెప్పగలనా?*

"కొన్నాళ్ళు నాలుకకు కొత్తగా ఉంటుంది. కానీ ఊడిపడడమన్నది ఉండదమ్మా."

మూడు రోజుల్లో మొదటిసారి ఆమె ముఖం విప్పారింది. రుమాలు వెనక పెదాలు నవ్వాయని మేస్త్రికి కళ్ళను బట్టి తెలిసింది. ఆమె చీటీ మీద *చెంప ఎముక* అని రాసి, దాని కింద రెండు గీతలు గీసింది.

డాక్టరమ్మ నాలుగు పేజీల ఫారం ఇచ్చింది. "రేపు పొద్దున తొమ్మిదింటికి పెద్దాస్పత్రిలో సర్జను చూస్తారు. ఇది ఇంటి దగ్గర తీరిగ్గా నింపుకుని తీసుకెళ్ళండి. ఏదీ వదిలిపెట్టొద్దు."

*

మధ్యాహ్నం ఇల్లు తేలికపడింది. మైకమ్మ గ్లాసుడు పాలు తాగి లోపలిగదిలో నడుం వాల్చింది. తండ్రీ కూతుళ్ళు పనిగది బల్ల మీద ఫారం పరుచుకున్నారు. అతను చదువుతున్నాడు, ఆమె రాస్తోంది. పొద్దుటి గొడవ ఇద్దరూ ఎత్తలేదు.

"సిగరెట్లు తాగుతారా?"

"లేదు."

"గురక పెడతారా?"

"లేదని రాస్తే దేవుడు క్షమించడు," అంది కూతురు. ఇద్దరికీ నవ్వొచ్చింది.

"ఎముకలు గట్టిపడడానికి సూదిమందు గానీ, సెలైన్లో ఎక్కించే మందు గానీ ఎప్పుడైనా తీసుకున్నారా?"

"ఆఁ, తీసుకుంది. నడుం ఎముక చిట్లినప్పుడు. ఏడాదికొకటి చొప్పున మూడేళ్ళు. నువ్వు అక్కర్లేదంటే నీతో పోట్లాడి మరీ నేనే తీసుకెళ్ళాగా. ఎముకకు మంచిదేగా, అవునని పెడతా."

మేస్త్రి వేలు ఆ ప్రశ్న దగ్గరే ఆగింది. మిగతావన్నీ మామూలు అక్షరాలు. దీని కింద మాత్రం లావుపాటి అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది. *అవునంటే వెంటనే మీ డాక్టరుకు తెలియజేయండి.*

"ఉండు, ఒక్కసారి డాక్టరమ్మకు ఫోన్ చేసి వస్తా," అన్నాడు.

"అన్నిటికీ భయమే నీకు."

వెనకవైపు వసారాలోకి వెళ్ళి ఫోన్ చేశాడు. మందు సంగతి చెప్పాడు.

"మేస్త్రిగారూ, ఇది నేను నిన్ననే అడగాల్సింది. నాదీ పొరపాటే," అంది డాక్టరమ్మ. "ఆ మందు ఎముకను కరగకుండా పట్టి ఉంచుతుంది. కానీ దవడలో గాయం పడితే, ఆ గాయం మానకుండా కూడా చేయొచ్చు. అందరికీ కాదు. వందల్లో ఒకరికి, ఇంకా తక్కువ మందికేమో. కానీ ఆ ఒకరైతే, అక్కడి ఎముక చచ్చిపోతుంది, ఊడొస్తుంది. ఆవిడకు పోగొట్టుకోవడానికి ఇంకేం ఎముక ఉంది చెప్పండి?"

"అంటే ఆపరేషన్..."

"ఎముక ముక్క అతికించడం ఇక మర్చిపోండి. చెంప ఎముక సంగతి సర్జను చెప్పాలి. ఇది చూశాక చెయ్యనంటారేమోనని నా భయం."

"ఆ మందు ఎక్కించడం తప్పా అమ్మా?"

"తప్పు కాదు. ఆవిడ నడుం నిలబడిందంటే ఆ మందు వల్లే. మొదలుపెట్టే ముందు ఒకసారి నోరు చూపించుకుని రమ్మంటారు. చూపించారా?"

మేస్త్రికి తెలియదు. ఫోన్ పెట్టేశాక అక్కడే నిలబడిపోయాడు. పొద్దుట కూతురు అన్న మాటలకు బదులు చెప్పే అవకాశం తన చేతికి వచ్చింది. దాన్ని ఎక్కడ పారెయ్యాలా అని ఆలోచించాడు. ఒక్కగానొక్క పిల్ల. మొదటి జీతాలు కూడబెట్టి తల్లిని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన పిల్ల. ఈ మాట దానికి ఎలా చెప్పడం?

పనిగదిలోకి వచ్చి, "ఆపరేషన్ వద్దులేమ్మా," అన్నాడు.

"ఏంటీ?"

"వద్దు. నాకు ధైర్యం చాలడం లేదు. కొత్త సెట్టే ఏదో చూద్దాం."

కూతురు కలం బల్ల మీద పడేసింది. "నాకు తెలుసు! అమ్మ నోరు నీ చెయ్యి దాటిపోతుందని కదూ నీ బాధ? ఊళ్ళో అందరికీ నువ్వే పళ్ళు కట్టాలి, మీ ఆవిడకు ఇంకెవరో కడితే నామోషీ!"

"అలాగే అనుకో."

"ఇంత జరిగాక కూడా నీ పరువేనా నాన్నా?"

"అలాగే అనుకోమంటున్నాగా."

ఎంత అన్నా తిరిగి అనకపోతే అరిచేవాళ్ళకు అనుమానం వస్తుంది. కూతురు అతని ముఖంలోకి చూసింది. తర్వాత ఫారంలోకి చూసింది. లావుపాటి అక్షరాలు అప్పుడు చదివింది.

"డాక్టరమ్మ ఏమంది?"

మేస్త్రి బల్ల మీది దీపం మెడ అటూ ఇటూ వంచాడు.

"నాన్నా. ఈ మందు వల్లా?"

"నీ తప్పేం లేదమ్మా. మంచి మందేనంది. నడుం దానివల్లే నిలబడిందంది. దవడలో గాయం మానకపోవడం వందల్లో ఒకరికేనట. కాకపోతే ముందు నోరు చూపించుకోవాలట, అంతే. ఆ ఎముకల డాక్టరు చెప్పి ఉండడు..."

"చెప్పాడు."

ఆ మాట మేస్త్రికి వినపడీ వినపడనట్టుగా వచ్చింది.

"చెప్పాడు నాన్నా. పళ్ళ డాక్టరుకు చూపించారా అని అడిగాడు. నేను నవ్వాను. మా నాన్నే పళ్ళ మేస్త్రి, మా అమ్మ నోటికేమైనా అయితే పది నిమిషాల్లో సరిచేస్తాడు అన్నాను. ఎంత గొప్పగా చెప్పానో తెలుసా? ఆయన కూడా నవ్వి, అయితే ఇంకేం అని రాసేసుకున్నాడు."

కూతురు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. మేస్త్రి ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఏం చెయ్యాలో దానికే తెలియడం లేదు.

"ఊరుకో. నేను ఆ పొరలు వెయ్యకపోతే నువ్వు ఆ మాట అనేదానివే కాదు. అంతా నా వల్లే."

"కాదు, నా వల్ల. నువ్వు తెలీక చేశావు. నన్ను అడిగినా కూడా నేను..."

"నేను చెప్తున్నానా, నా తప్పని!"

"నీది కాదంటున్నానా!"

పొద్దుట తప్పు నీదంటే నీదని అరుచుకున్న ఇల్లే ఇది. ఇప్పుడు నాదంటే నాదని అరుచుకుంటోంది.

"అయ్యిందా?"

ఇద్దరూ తలలెత్తారు. గుమ్మంలో మైకమ్మ. నోటికి రుమాలు లేదు. ఎప్పటినుంచి అక్కడ ఉందో తెలియదు.

పద్దెనిమిదేళ్ళలో మేస్త్రి ఆ సెట్టును వెయ్యిసార్లు చూసి ఉంటాడు. సెట్టు లేని ఆమె నోటిని ఒక్కసారీ చూడలేదు. తీసేటప్పుడు ఆమె అటు తిరిగేది, పెట్టుకున్నాకే ఇటు తిరిగేది. ఇప్పుడు ఎండ ముఖాన పడుతుండగా నిలబడి ఉంది. పైపెదవి లోపలికి పడిపోయి, ముక్కు కిందికి జారినట్టు, ఆమెకు అక్కలా ఉన్న ఎవరో ముసలావిడ.

"మీ తప్పులు మీరు పంచుకోవడం అయిపోతే," అంది. తకారాలు, దకారాలు నిలబడడం లేదు, గాలి జారిపోతోంది. అయినా ఆపలేదు. "నేనేం చెయ్యాలో ఎవరైనా చెప్తారా?"

కూతురు కళ్ళు తుడుచుకుంది.

ఆమె వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫారం ముందుకు జరుపుకుంది. లావుపాటి అక్షరాల ప్రశ్న దగ్గర ఖాళీగా ఉన్న రెండు గళ్ళనూ చూసింది. కలం తీసుకుని *లేదు* అన్న గడిలో టిక్కు పెట్టింది. ఆఖరి పేజీ తిప్పి సంతకం చేసింది.

"అమ్మా! అది అబద్ధం," అంది కూతురు.

"తెలుసు."

"డాక్టరమ్మకు తెలిసిపోయింది కదే," అన్నాడు మేస్త్రి.

"సర్జనుకు తెలీదుగా. డాక్టరమ్మ మీ మనిషి. మీరు అడిగితే చెప్పకుండా ఆగుతుంది."

"ఎముక చచ్చిపోతుందట. ఉన్నది కూడా పోతుందట. నీకర్థమవుతోందా?"

"వందల్లో ఒకరికట. అంతా విన్నాను. ఇలా ఇంట్లో కూర్చుంటే మాత్రం ఒకటో తారీఖున ఆ పెట్టె విప్పేస్తారు. అది వందకి వంద."

ఆమె ఫారం మడిచి అతని ముందు పెట్టింది.

"ఇన్నేళ్ళూ మీరు చెప్పినట్టు విన్నాను. ఈ ఒక్కసారీ నేను చెప్పినట్టు మీరు వినండి. రేపు సర్జనుకు మీ చేత్తో ఇవ్వండి. ఇస్తారా?"

కూతురు బల్ల కింద తండ్రి చొక్కా అంచు పట్టుకుని లాగింది, వద్దని. మైకమ్మ కళ్ళార్పకుండా చూస్తోంది.

"ఇస్తాను," అన్నాడు మేస్త్రి.

అనేశాక ఇద్దరిలో ఎవరి ముఖమూ చూడలేకపోయాడు.